మాట్లాడుతూ పరిగెత్తిన దుప్పి

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో ఒక దుప్పుల మంద. మందలో పొడలమ్మ అనే నడివయసు దుప్పి ఉండేది. ఆమె అన్న మహా బద్ధకస్తుడు. కడుపునిండా మేసేవాడు, నీడ చూసుకుని పడుకునేవాడు. ఒకనాడు రేచుకుక్కలు మంద మీద పడ్డాయి. అన్న నాలుగు గెంతులు వేసి, ఆయాసంతో నిలబడిపోయాడు. కుక్కలకు చిక్కిపోయాడు.

పొడలమ్మ ఎలాగో బయటపడింది. "నేను మాత్రం ఇలా చావను" అనుకుంది.

మర్నాటి నుంచి పరుగు మొదలుపెట్టింది. తెల్లవారగానే ఉసురుకొద్దీ పరిగెత్తేది. మళ్లీ మధ్యాహ్నం, మళ్లీ పొద్దువాలే వేళ. నెల తిరిగేసరికి మందలో ఆమెను మించినవాళ్లు లేరు. అది ఆమెకు ఎంతో గర్వంగా ఉండేది.

చెట్టు మీద తోకయ్య అనే కొండముచ్చు ఉండేవాడు. ఆమెకు పాత స్నేహితుడు.

"వదినా, ఉసిరికాయలు రాల్చాను. తినిపోదువుగాని రా" అని పిలిచేవాడు.

"తీరిక లేదు తోకయ్యా."

"కాసేపు కబుర్లయినా చెప్పుకుందాం."

"పరుగు ఉంది."

మూడోసారి నుంచి అతను పిలవడం మానేశాడు. ఇంకో నెలకు పొడలమ్మ డొక్కలు తేలాయి. ముందుకాలు వాచింది. రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. అయినా పరుగు ఆపలేదు.

ఒకరోజు ఉదయం పరుగు ముగించి, రొప్పుతూ నిలబడి ఉంది. అప్పుడే రేచుకుక్కలు వచ్చాయి. పరిగెత్తబోతే కాళ్లు లేవలేదు. అంత వేగమూ పొద్దున్నే ఖర్చయిపోయింది. పక్కనే మడుగు ఉండబట్టి సరిపోయింది. అందులోకి దూకి మెడలోతు నీళ్లలో నిలబడింది. కుక్కలు గట్టు మీద కూర్చున్నాయి.

మడుగులో అప్పటికే పెద్ద కొమ్ముల ముసలి కణితి జింక ఒకడు నిలబడి ఉన్నాడు.

"అమ్మాయ్, నువ్వు పరిగెత్తడం రోజూ చూస్తున్నాను. ఎందుకంత పరుగు?" అని అడిగాడు.

"బతకడానికి తాతా."

"మంచిదే. బతికి ఏం చేస్తున్నావు?"

"పరిగెడుతున్నాను" అంది పొడలమ్మ. అంటుంటే ఆమెకే సిగ్గేసింది.

తాత నవ్వలేదు. "మీ అన్నలా పడుకోమని నేను చెప్పను. రోజూ పరిగెత్తు. కానీ పక్కవాడితో మాట్లాడగలిగినంత పరుగే పరిగెత్తు. వారానికి ఒకటి రెండుసార్లు కాసేపు నీ బలమంతా చూపించు. ఆ మర్నాడు కాళ్లకు విశ్రాంతి ఇవ్వు. నేను పద్నాలుగు వేసవులు చూశానంటే అలాగే" అన్నాడు.

ఎండ ముదిరాక కుక్కలు విసుగెత్తి వెళ్లిపోయాయి.

కాలి వాపు తగ్గేదాకా పొడలమ్మ ఆగింది. తర్వాత తోకయ్య దగ్గరికి వెళ్లింది. "నాతో పాటు కొమ్మల మీద వస్తావా? దారంతా మాట్లాడుకుందాం" అని అడిగింది. అతను కాస్త బెట్టు చేసి ఒప్పుకున్నాడు.

అతను పైన, ఆమె కింద. అతను ఏదో అడిగేవాడు. జవాబు చెప్పడానికి ఊపిరి చాలకపోతే ఆమె వేగం తగ్గించేది. వారానికి ఒకసారి మాత్రం, "ఇవాళ మాటల్లేవు" అని చెప్పి బాణంలా దూసుకుపోయేది. కొద్ది రోజులకే పడుచు దుప్పులు ఆమెను దాటిపోసాగాయి. మొదట్లో మనసు చివుక్కుమనేది. తర్వాత అలవాటైపోయింది.

వేసవిలో రేచుకుక్కలు మళ్లీ వచ్చాయి. పొడలమ్మ ముందు వరుసలో లేదు, వెనక వరుసలోనూ లేదు. మంద నడుమ ఒకే తీరున పరిగెత్తింది. ఒక కొండ ఎక్కింది, దిగింది, రెండోది ఎక్కింది. మూడో కొండ మొదట్లో కుక్కలు నాలుకలు వేలాడేసి వెనుదిరిగాయి. ఆమెకు ఇంకా ఓపిక మిగిలే ఉంది.

ఆ తర్వాత ఆమె ఎన్నో వానాకాలాలు చూసింది. ఇద్దరు పిల్లల్ని కని, పెంచి, పెద్ద చేసింది.

నీతి: ఒంటికి కష్టం పెట్టనివాడు త్వరగా పోతాడు, కష్టమే బతుకు చేసుకున్నవాడు బతికీ సుఖపడడు. రోజూ కొంత, అప్పుడప్పుడు గట్టిగా శ్రమిస్తే ఆయువూ ఆనందమూ రెండూ దక్కుతాయి.