ఈరన్న తెచ్చిన కొత్త పీట

మూడేళ్లుగా వాన మొహం ఎరగని ఒకానొక రాజ్యంలో అరవై ఇళ్ల మేస్త్రీల సంఘం ఒకటుండేది. కరువులో కొత్త ఇల్లు కట్టుకునేవాడెవడు? సున్నం గానుగలు ఆగిపోయాయి. గానుగెద్దులు సంతకు పోయాయి. దొరికిన కాస్త పనినీ సంఘం వంతులవారీగా అరవై ఇళ్లకూ పంచేది. అందరికీ కలిపి ఒకటే గంజి కాగు. అది రోజురోజుకీ పలచబడుతోందని సంఘం పెద్ద ఈరన్నకు బాగా తెలుసు. గరిటె పట్టేది ఆయనే మరి.

అలాంటి రోజుల్లో రాజుగారికి విజయద్వారం కట్టించుకోవాలని బుద్ధి పుట్టింది. ఏం గెలిచారని అడగకండి. పక్క రాజుకు ఒకటుంది, అంతే.

మంత్రి చిట్టరసు సంఘానికి కబురు పంపాడు. "ద్వారం పక్క రాజు దానికి రెట్టింపు ఎత్తుండాలి. సున్నం సగమే ఇస్తాం. మనుషుల్నీ సగం మందినే పెట్టుకుంటాం. కాదంటే పై దేశపు మేస్త్రీలు వస్తారు."

సంఘం కూర్చుంది. ఒప్పుకుంటే ముప్పై ఇళ్లకు పని లేదు, పైగా ఆ ద్వారం కమాను ఎవరో ఒకరి నెత్తిన కూలుతుంది. ఒప్పుకోకపోతే అరవై ఇళ్లూ పస్తే.

చివరికి ఈరన్న కండువా దులిపి లేచాడు. "రేపు సభకు నేను పోతా. నాకో కొత్త పీట చెక్కిపెట్టండి" అన్నాడు.

మర్నాడు సభలో వందిమాగధులు బిరుదులు చదవడం ఎప్పటికో గాని ముగియలేదు. 'సర్వాచార పరిరక్షకుడు' అన్న ఆఖరి బిరుదుకు రాజు మీసం దువ్వుకున్నాడు.

ఈరన్న దండం పెట్టాడు. "ప్రభూ, సగం సున్నంతో రెట్టింపు ఎత్తు! ఇలాంటి కొలత మా తాతముత్తాతలకు కూడా తట్టలేదు. ఎవరు చెప్పారో తెలుసుకుందామని వచ్చాను."

మంత్రి నోరు తెరిచేలోగా రాజు అందుకున్నాడు. "ఇంకెవరు చెబుతారు? నేనే!"

"ఔనౌను, ప్రభువులే!" అంది సభ.

ఈరన్న చంకలోని మూట విప్పి, పీట తీసి రాజుగారి పాదాల ముందు పెట్టాడు.

"ఏమిటిది?"

"మా సంఘం ఆచారం ప్రభూ. కమాను కింది ఆసరా దుంగలు తీసేటప్పుడు, సున్నం కొలత చెప్పినవారే దాని కింద పీట వేసుకుని కూర్చోవాలి. ఇది కొత్త పీట. పాతది మా తమ్ముడు భీమన్న కిందే ఉండిపోయింది. నిరుడు మంత్రిగారి ధాన్యాగారం కట్టినప్పుడు, తగ్గించిన సున్నానికే వాడు సరేనని కమాను కింద కూర్చున్నాడు. అది కూలింది."

సర్వాచార పరిరక్షకుడికి ఆచారం కాదనే వీల్లేదు. ఆయన మొహం పాలిపోయింది.

"చిట్టరసూ, ఈ కొలత నువ్వే కదయ్యా చెప్పింది!"

"అయ్యో ప్రభూ, కొలతలు మనకేం తెలుస్తాయి? అది మేస్త్రీల పని!" అంటూ మంత్రి రెండడుగులు వెనక్కి వేశాడు.

"అయితే సున్నమెంతో, మనుషులెందరో చెప్పాల్సింది మేమేనా?" అని అడిగాడు ఈరన్న.

"మీరే! మీరే!" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.

"అలాగైతే సున్నం నిండు కొలత. మనుషులు అరవై ఇళ్లవాళ్లూ. పీట మీద నేను" అని ఈరన్న పీటను మళ్లీ చంకన పెట్టుకున్నాడు.

గండం గడిచినందుకు రాజు పొట్ట పట్టుకుని నవ్వాడు. "గడుసువాడివే! ఏం కావాలో కోరుకో."

"ధాన్యాగారం కూలిన చోట రాళ్లు ఎత్తుకోవడానికి సెలవివ్వండి ప్రభూ. దండగ పనని మంత్రిగారు ఏడాదిగా ఒప్పుకోవడం లేదు. మా భీమన్న ఇంకా అక్కడే ఉన్నాడు."

రాజు నవ్వు ఆగిపోయింది. తల వంచుకుని సెలవిచ్చాడు.

అరవై ఇళ్లవాళ్లూ పలుగులు, తట్టలు పట్టుకుని వెళ్లారు. మూడో రోజుకు భీమన్న దొరికాడు. కింద పీట చెక్కు చెదరలేదు.

ద్వారం పూర్తయి దుంగలు తీసిన రోజున ఈరన్న ఆ పాత పీట మీదే కూర్చున్నాడు. పైనుంచి కాస్త సున్నం పొడి రాలింది. కమాను నిలబడింది. జనం కేరింతలు కొట్టారు. ఈరన్న మాత్రం లేవలేదు. మొహం చేతుల్లో దాచుకుని, తమ్ముణ్ణి తలుచుకుని ఏడుస్తూ ఉండిపోయాడు.