గట్టు మీది తంగేడు

"మేక సుత మూతి పెట్టని మొక్కకు చేనుగట్టు మీద అంత చోటెందుకు? ఎవరన్నా చెప్తరా?"

స్వరూప లేచి నిలబడి అడిగింది. విత్తనం కాపాడే విద్య నేర్చుకోవడానికి మణెమ్మ దగ్గర చేరిన పదిమందిలో మాటకు పదును ఆమెకే ఎక్కువ.

"బతుకమ్మకు తంగేడు పువ్వు వద్దా?" అంది పక్కనున్న లచ్చవ్వ.

"తొమ్మిది రోజుల పువ్వుకు గుట్ట లేదా అక్కా? ఏడాదంతా గట్టు ఆక్రమించాల్నా?"

అందరూ నవ్వారు. ప్రశ్న అడిగినవాళ్ళకు చేను అప్పగించడం మణెమ్మ అలవాటు. ముంతలోని ముళ్ళవంగ గింజలు స్వరూప దోసిట్లో పోసింది. "ఈ రకానికి ఇవే ఆఖరివి బిడ్డా. చేనూ నీదే, గట్టూ నీదే."

ఆ వారమే స్వరూప తంగేడును వేళ్ళతో సహా పెకిలించింది. గట్టు నున్నగా మెరిసింది. వంగ ఏపుగా పెరిగి ఊదారంగు పూలతో విరగబూసింది. పూసినవి పూసినట్టే రాలిపోయాయి. ఎరువు మార్చింది, నీళ్ళు తగ్గించింది. పిందె నిలవలేదు. ఈ రకం తన చేతిలోనే అంతరించిపోతుందేమోనని ఆమెకు ముద్ద దిగలేదు. చివరికి మొహం చిన్నబుచ్చుకుని మణెమ్మ ముందు నిలబడింది.

మణెమ్మ ఆమెను పొద్దున్నే గుట్టకు తీసుకెళ్ళింది. "నోరు కాదు, చెవి పెట్టు."

ఒక నల్ల తుమ్మెద తంగేడు పువ్వును కాళ్ళతో కరచుకుని ఒళ్ళంతా అదిరేలా జుమ్మంది. పుప్పొడి జలజలా రాలింది. తిరిగొచ్చి వంగతోటలో చెవి పెడితే ఏ చప్పుడూ లేదు.

"వంగపువ్వు గూడ అంతే, అదిరిస్తేనే పొడి ఇడుస్తది. ఇయ్యాలటి సంది తుమ్మెదవు నువ్వే."

స్వరూప రోజూ తెల్లవారగానే వంగి, పువ్వు పువ్వునూ వేలితో మీటింది. నడుము పడిపోయింది. గట్టు మీద కూడు లేని తుమ్మెద తన తోటకెందుకు రావడం లేదో ఆమెకు ఎవరూ చెప్పలేదు, చెప్పనక్కర్లేకపోయింది. రెండు నెలలు తిరిగేసరికి పద్నాలుగు కాయలు నిలిచి, విత్తనానికి పండాయి.

"ఎన్ని దినాలమ్మా ఈ చాకిరి?"

మణెమ్మ చాటలో ఎండిన తంగేడు కాయలు పోసింది. "నీ పని చేసేటోళ్ళు మళ్ళా వచ్చేదాక." ముసిముసిగా నవ్వుతున్న మిగతావాళ్ళ వైపు ఆ చాట తిప్పింది.

"మీరేం చూస్తున్నరు? తలా పిడికెడు పట్టుండ్రి. ఎవరి గట్టుకు వాళ్ళు నడువుండ్రి."