గంభీరయ్య గారి గ్రంథాలయంలో చెదలు

అనగనగా ఓ పెద్ద అడవి, ఆ అడవికి మూడు గ్రంథాలయాలు. జంతువులకి గ్రంథాలయాలేమిటని అడక్కండర్రా. వాటికి చదవడమంటే మీకంటే ఇష్టం.

కొండమీది గ్రంథాలయానికి అధికారి గంభీరయ్య అనే కొండముచ్చు. ఏటి ఒడ్డున ఉన్నదాన్ని భల్లయ్య అనే ఎలుగుబంటి చూసుకునేవాడు. లోయలో ఉన్నది పెంచలమ్మ అనే అలుగుది. అలుగంటే ఒంటినిండా పొలుసులుండి, భయమేస్తే ఉండలా చుట్టుకుపోయే జంతువు.

ఈ ముగ్గురికీ కలిపి ఒక సహకార సంఘం ఉండేది. ఆ సంఘం ఏం చేసేదనుకున్నారు? ఏటేటా సదస్సు పెట్టేది. ఒకరికొకరు శాలువాలు కప్పుకునేవారు. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకోవాలని తీర్మానం చేసి, చప్పట్లు కొట్టి, ఫలహారాలు తిని, ఎవరి గ్రంథాలయానికి వాళ్ళు తాళం వేసుకుని పడుకునేవారు. అధ్యక్షుడు ఎప్పుడూ గంభీరయ్యే. తోక పొడుగు కదా, వేదిక మీద నిండుగా కనిపిస్తాడని!

ఒక వానాకాలం కొండమీది గ్రంథాలయానికి చెదలు పట్టాయి. వెనక గోడ పగుల్లోంచి వచ్చి కింది అరలోకి ఎక్కాయి. చూడగానే గంభీరయ్య గుండె గుభేలుమంది. పుస్తకాలు పోతాయనా? అబ్బే!

"సదస్సు దగ్గరపడింది. అధ్యక్షుడి గ్రంథాలయానికే చెదలంటే నలుగురూ నవ్వరూ?" అనుకున్నాడు. ఎవరికీ చెప్పకూడదని తీర్మానించుకున్నాడు. ఆ అరకి అడ్డంగా పట్టుతెర కట్టించి, దాని ముందు సాంబ్రాణి వెలిగించాడు.

మర్నాడు భల్లయ్య ఏదో పుస్తకం కోసం వచ్చాడు. వచ్చీ రాగానే ముక్కు ఎగబీల్చాడు.

"గంభీరయ్యగారూ, ఆ తెర వెనకనించి కమ్మటి వాసన వస్తోందండీ. నోరూరిపోతోంది" అన్నాడు.

"అది సాంబ్రాణండీ. గ్రంథాలయంలో నోరూరడమేమిటి, అసహ్యంగా!" అని గంభీరయ్య అతన్ని పుస్తకం ఇవ్వకుండానే బయటికి నడిపించాడు.

తరవాత పెంచలమ్మ వచ్చింది.

"అన్నయ్యగారూ, ఈ వానలకి ఎక్కడ చూసినా చెదలే. ఒకసారి మీ అరలన్నీ చూసిపెట్టనా?" అని అడిగింది.

"చెదలా? మా గ్రంథాలయంలోనా? ఆ మాట ఇంకెక్కడా అనకమ్మా. అవన్నీ లోయలో ఉండేవాళ్ళకి" అన్నాడు గంభీరయ్య.

పాపం, పెంచలమ్మ సిగ్గుతో ఉండ చుట్టుకుపోయింది. అలాగే దొర్లుకుంటూ కొండ దిగిపోయింది.

సదస్సు రానే వచ్చింది. సరిగ్గా ఆ పట్టుతెర ముందే వేదిక వేశారు. "తోటి గ్రంథాలయం కష్టంలో ఉంటే చెయ్యి అందించడం ఎలా?" అనే విషయం మీద గంభీరయ్య పొద్దెక్కేదాకా ఉపన్యసించాడు. వెనకాల చెదలు మాత్రం ఉపన్యాసాలేమీ లేకుండా కలిసికట్టుగా పనిచేసుకుపోతున్నాయి. భల్లయ్య శాలువా కప్పాడు. పెంచలమ్మ దండ వేసింది. చప్పట్లు మోగాయి.

ఆ చప్పట్ల మధ్యలో చుక్కమ్మ అనే జింక రొప్పుకుంటూ వచ్చింది.

"అయ్యా, నా పిల్లకి విషజ్వరం! కాళ్ళు చల్లబడిపోతున్నాయి. మందు వేర్ల పుస్తకం మీ దగ్గరే ఉందట. ఏ వేరు అరగదీసి పొయ్యాలో చూసి చెప్పండయ్యా, మీకు దణ్ణం పెడతాను" అంది.

అడవి మొత్తానికి ఆ పుస్తకం ఒక్కటే. అదేమో కింది అరలో ఉంది.

"సదస్సు జరుగుతోంది కదా తల్లీ. రేపు కనపడు" అన్నాడు గంభీరయ్య.

పిల్ల ప్రాణం మీదికొస్తే ఏ తల్లయినా రేపటిదాకా ఆగుతుందా? చుక్కమ్మ వేదికెక్కి నోటితో ఆ పట్టుతెర లాగేసింది. మందు వేర్ల పుస్తకం అట్ట నిగనిగలాడుతూ కనపడింది. ఆత్రంగా తెరిచింది. లోపల ఒక్క కాగితం లేదు, అంతా మట్టే. ఆ మట్టిలో చెదలు లుకలుకలాడుతున్నాయి.

భల్లయ్య నెత్తి కొట్టుకున్నాడు.

"ఇవా! అయ్యో గంభీరయ్యగారూ, మేం తినేదే ఇవి కదండీ! నేనూ తింటాను, పెంచలమ్మా తింటుంది. ఒక్క మాట చెప్పి ఉంటే ఒక్క పూటలో ఊడ్చేసేవాళ్ళం కదండీ!" అన్నాడు.

అన్నట్టే ఇద్దరూ చూస్తుండగానే ఒక్క చెద మిగల్చకుండా తినేశారు. కానీ చెదలు తిన్న పుస్తకం ఎక్కణ్ణించి వస్తుంది?

గంభీరయ్య శాలువా సర్దుకుంటూ, "అది కాదు... పరువు పోతుందని..." అని నసిగాడు.

చుక్కమ్మ కళ్ళు తుడుచుకుని అతని ముందుకొచ్చి నిలబడింది.

"పరువు దాచుకున్నారుగా? అదే ఇలా ఇవ్వండి మరి. అరగదీసి నా పిల్లకి పోస్తాను" అంది.

భల్లయ్యా, పెంచలమ్మా తమకి గుర్తున్న వేర్లన్నీ తవ్వి తెచ్చారు. పిల్ల ఎలాగో బతికింది. కానీ వెనక కాలు ఒకటి చచ్చుబడిపోయింది. తోటి పిల్లలు గెంతుతుంటే అది కూర్చుని చూస్తూ ఉంటుంది. దాన్ని తలుచుకుంటే ఆ కొండముచ్చు మీద నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుందర్రా.

నీతి: తన కష్టం తోటివాళ్ళకి చెప్పుకోలేనివాడు ఎన్ని సంఘాలకి అధ్యక్షుడైనా ఒంటరివాడే, వాడి పరువు కోసం నష్టపోయేది మాత్రం ఇంకొకరి బిడ్డ.