పిలుపుతిప్ప మంచినీటి ఊట

పూర్వం, కృష్ణానది పాయలు పాయలుగా చీలి సముద్రంలో కలిసే చోట, మడ అడవికీ ఉప్పుటేరుకూ నడుమనున్న రేవులపాలెం అనే చిన్న పల్లెలో నతానియేలు అనే ఉపదేశి నివసించేవారు. తాటాకు కప్పిన ప్రార్థనామందిరాన్ని ఆయన స్వహస్తాలతో నిలబెట్టి, అక్షరజ్ఞానం లేని జాలరులకు కీర్తనలు కంఠతా నేర్పి, గంట మోగిందంటే ఊరు ఊరంతా తెల్లని బట్టలతో వచ్చి బారులు తీరి కూర్చునేంతటి క్రమాన్ని ఏర్పరచారు. ఆ బారులను చూసినప్పుడల్లా ఆయన హృదయం నిండిపోయేది. ఆ నిండుదనంలో ఒక మనిషి కూర్చునే చోటు ఖాళీగా ఉన్నదన్న సంగతి మాత్రం ఆయన కంటికి ఆనడం క్రమంగా మానేసింది.

ఆ చోటు గిద్యోను అనే వలలు అల్లే మనిషిది. అతని ఒక్కగానొక్క కూతురు రాహేలు విషజ్వరంతో మంచం పట్టినప్పుడు నతానియేలు గారు పక్కనే కూర్చుని ప్రార్థించి, బిడ్డ తప్పక లేస్తుందని తండ్రికి ధైర్యం చెప్పారు. బిడ్డ లేవలేదు. సమాధి గుంట దగ్గర అందరూ కీర్తన పాడుతుండగా, మట్టి చేతిలో పట్టుకొని ఉన్న గిద్యోను ఒక్కసారిగా, "ఆపండయ్యా! లేస్తుందన్నారు గదండీ. ఏదండీ, ఎక్కడ లేచింది?" అని గట్టిగా అరిచాడు. నతానియేలు గారు పాటను సగంలోనే ఆపి, గ్రంథం మూసి, ఇంటికి వెళ్ళిపోయారు. దైవసేవకుణ్ణి నలుగురిలో నిలదీసినందుకు క్షమాపణ చెప్పాలని సంఘపెద్దలు పట్టుబట్టారు. గిద్యోను చెప్పలేదు. ఏరు దాటి, మనుష్యసంచారం లేని ఒక ఇసుకతిప్ప మీద పాక వేసుకొని, పీతలు పట్టుకుంటూ ఒంటరిగా బతకసాగాడు. ఎక్కడ తవ్వినా ఉప్పునీరే పడే తిప్ప అది. తాగే నీళ్ళు కూడా దోనె మీద తెచ్చుకోవలసిందే.

అతని భార్య సలోమమ్మ, బిడ్డ సమాధిని విడిచి రాలేక, పల్లెలోనే ఉండిపోయింది. ఆమె ప్రతి ఆదివారమూ ఆరాధన ముగిసేదాకా ఉండి, అందరూ వెళ్ళిపోయాక, "అయ్యగారండీ, ఒక్కసారి ఏరు దాటి ఆయన్ని పలకరించి రండి. నేను పిలిస్తే రావడం లేదు, మీరు పిలిస్తే వస్తాడు" అని బతిమాలేది. నతానియేలు గారు శాంతంగానే బదులు చెప్పేవారు: "వద్దని మనమెవరమూ అనలేదు గదమ్మా. మనసు మారిననాడు తానే వస్తాడు." ఆ మాట ఆయనకు న్యాయంగానే తోచేది. అది న్యాయం ముసుగు వేసుకున్న ఆత్మాభిమానమని, ఆ సమాధి దగ్గర కలిగిన అవమానం తన గుండెలో ఇంకా పచ్చిగానే ఉన్నదని, ఆయన తన ప్రార్థనలో సైతం ఒప్పుకోలేదు.

ఇలా వానలు వచ్చి పోయాయి, మళ్ళీ వచ్చి పోయాయి. ఒక వేసవిలో, ఏటికి ఎగువనున్న పెద్ద ఊరిలో సువార్త కూటాలు జరుగుతుండగా, తప్పిపోయిన గొర్రెను వెదకిన కాపరిని గురించి ప్రసంగించమని ఆయనకు ఆహ్వానం వచ్చింది. నతానియేలు గారు చలువచేసిన బట్టలు కట్టుకొని వీరాస్వామి అనే సరంగు పడవలో ప్రయాణమయ్యారు. ఆ పడవదారి తిప్ప పక్కనుంచే పోతుంది. పడవ తిప్పను సమీపించేసరికి, మొలలోతు నీళ్ళలోకి దిగి ఒక మనిషి నిలబడి ఉన్నాడు. గడ్డం మాసి, ఎండకు నల్లబడిన ఆ ముఖాన్ని ఆయన వెంటనే గుర్తించలేకపోయారు.

"అయ్యగారండీ!" అని పిలిచాడు గిద్యోను. అతని గొంతులో ఆ పాత కోపం లేదు. ఒకవిధమైన బెరుకుతో, చిన్నపిల్లవాడిలా అడిగాడు: "నాకోసమేనాండీ వచ్చింది?"

సరంగు గెడ ఆనించి పడవను నిలిపి ఆయన వైపు చూశాడు. అవునంటే అబద్ధం, కాదంటే ఆ ముఖం చూడలేరు. చివరికి నతానియేలు గారు, "కూటాలకు పోతున్నాను గిద్యోనూ, వేళ మించిపోతోంది. తిరిగి వచ్చేటప్పుడు తప్పకుండా ఆగుతాను" అన్నారు.

"అలాగేనండీ. కూర వండి ఉంచుతాను" అని గిద్యోను పడవకు దారి ఇచ్చి పక్కకు తప్పుకున్నాడు.

ఆ సాయంకాలం కూటాలలో నతానియేలు గారు మునుపెన్నడూ లేనంత అద్భుతంగా ప్రసంగించారు. కాపరి ముళ్ళలో నడిచిన తీరు, కాళ్ళు చీరుకుపోయిన తీరు, గొర్రెను భుజాల మీద వేసుకున్నప్పటి ఆనందం వర్ణిస్తుంటే సభ కన్నీరు పెట్టింది. ఒక వృద్ధురాలు ఆయన చేతులు కళ్ళకద్దుకొని, "కాపరి అంటే మీలాంటి వారే నాయనా" అన్నది. ఆయన ఆ మాటను స్వీకరించి చిరునవ్వు నవ్వారు. మరునాడు ఆ ఊరి పెద్దలు, ఏటి మీద ఎండకు ఎండడం ఎందుకని గూడుబండి కట్టించగా, ఆయన మెత్తని గడ్డి మీద పడుకొని రహదారి వెంట ఇల్లు చేరారు. గిద్యోనుకు ఇచ్చిన మాట దారిలో గుర్తుకు రాకపోలేదు. వచ్చింది, ఇంకొకసారి చూడవచ్చునని ఆయన పక్కకు తిరిగి కళ్ళు మూసుకున్నారు.

మందిరం ముందు సలోమమ్మ నిలబడి ఉన్నది. ఆమె ముఖంలో అంతటి వెలుగు ఆయన ఎన్నాళ్ళుగానో చూడలేదు.

"ఆయన దగ్గర ఆగుతానన్నారంట గదండీ, తిప్ప వైపు వెళ్ళిన జాలరులు చెప్పారు. కనబడ్డాడా? ఏమన్నాడండీ?"

నతానియేలు గారు తల వంచుకొని, "బండి మీద వచ్చానమ్మా" అన్నారు.

ఆమె ఏడవలేదు, నిందించలేదు. పైట తల మీదికి లాక్కొని వెళ్ళిపోయింది. ఆ నిశ్శబ్దం ముందు, నిన్నటి సభలో తాను పలికిన ప్రతి వాక్యమూ తిరిగి వచ్చి తన చెంప మీద కొట్టినట్లు ఆయనకు తోచింది. కాళ్ళు కూడా కడుక్కోకుండా రేవుకు పరుగెత్తి, వీరాస్వామిని బతిమాలి ఏరు దాటించమన్నారు.

తిప్ప మీద పాక ఊడ్చి ఉన్నది. ఉతికి ఆరవేసిన చాప అతిథి కోసం పరచి ఉన్నది. మూత పెట్టిన దాకలో పీతల కూర పులిసిపోయి, దాని చుట్టూ చీమలు బారు కట్టి ఉన్నాయి. మనిషి లేడు.

"పొద్దున నా పడవ ఖాళీగా రావడం చూశాడండీ. ఏమీ అడగలేదు. దోనె ఒడ్డునే వదిలేసి మడల్లోకి నడిచి పోయాడు" అన్నాడు వీరాస్వామి.

నతానియేలు గారు ఆ పులిసిన కూర ముందు మోకరించి, ప్రార్థించడానికి తనకు నోరు లేదని గ్రహించి, లేచి మడ అడవిలోకి దిగి పిలవడం మొదలుపెట్టారు. బురద మోకాళ్ళకు పట్టింది. మడవేళ్ళు పాదాలను చీల్చాయి. ఆ పూటా, మరునాడూ, ఆ పైనాడూ "గిద్యోనూ! గిద్యోనూ!" అని పిలుస్తూనే తిరిగారు. బదులు రాలేదు. ఆదివారం నాడు గంట మోగలేదు. విషయం తెలిసి సంఘపెద్ద అననీయ పడవ వేసుకొని వచ్చి, ఆయన అవతారం చూసి నిర్ఘాంతపోయాడు.

"ఇదేం పని అయ్యగారూ? ఒక్కడి కోసం ఇంతమందిని వదిలేస్తారా?"

"ఇంతమందిమి కలిసి ఒక్కణ్ణి వదిలేశాం పెద్దయ్యా" అన్నారు నతానియేలు గారు. "నేనైతే వాడి కళ్ళముందే వదిలేసి పోయాను."

అననీయ పల్లెకు తిరిగి వెళ్ళి, గంట కోసం ఎదురుచూస్తూ తెల్లబట్టలతో బారులు తీరి కూర్చున్నవారినందరినీ లేపాడు. మొట్టమొదట పడవ ఎక్కినది సలోమమ్మ. జనమంతా తిప్ప మీదికి చేరి నలువైపులా నిలబడి ఆ పేరు పిలుస్తుంటే, అందరికంటే ముందున్న నతానియేలు గారి గొంతు మాత్రం, పిలిచి పిలిచి, ఒక్కసారిగా ఆగిపోయింది. నోరు తెరిచినా శబ్దం రాలేదు. ఆయన ఇసుకలో కూలబడి, పెదవులు మాత్రం కదుపుతూ వెక్కివెక్కి ఏడ్చారు.

అప్పుడు మడచెట్ల చాటునుంచి గిద్యోను బయటికి వచ్చాడు. దూరంగానే నిలబడి, "ఏమంటున్నారండీ? వినబడటం లేదు" అన్నాడు. ఇంకాస్త దగ్గరికి వచ్చాడు. అప్పటికీ వినబడక, చివరికి ఆయన పక్కన కూర్చొని నోటి దగ్గర చెవి పెట్టాడు.

"నీకోసమే వచ్చాను" అన్నది ఆ శ్వాస.

"ఆలస్యంగా వచ్చారండీ."

నతానియేలు గారు అవునన్నట్లు తల ఊపారు. తనను తాను సమర్థించుకొనే మాట ఒక్కటీ ఆయన పెదవుల మీదికి రాలేదు.

పగిలి నెత్తురోడుతున్న ఆ పెదవులను చూసి గిద్యోను లేచాడు. పాకలోని కుండ ఎండిపోయి ఉన్నది. ఇక్కడ ఉప్పునీరే పడుతుందని ఎరిగీ, కనీసం నోరైనా తడుపుదామని, అతడు ఆయన కన్నీళ్ళు పడిన చోటనే ఇసుకను చేతులతో తోడాడు. నీరు ఊరింది. దోసిట పట్టి ముందు తాను రుచి చూసి, నమ్మలేక సలోమమ్మ వైపు చాచాడు. ఆమె తాగి, "తియ్యగా ఉన్నాయయ్యా" అన్నది. గిద్యోను తన దోసిటితోనే నతానియేలు గారికి ఆ నీరు తాగించి, "నా బిడ్డ దగ్గర పాట సగంలో ఆపేశారు. అది పూర్తి చెయ్యండి. నాకు వేరే ఏమీ అక్కరలేదు" అన్నాడు.

పాడడానికి ఆయనకు గొంతు లేదు. ఆ పొద్దు వాలేలోగా జనమంతా ఏరు దాటి రాహేలు సమాధి దగ్గరికి చేరి ఆ కీర్తనను చివరిదాకా పాడితే, ఆయన పెదవులు మాత్రమే కదిపారు. ఆయన పూర్వపు కంఠం తిరిగి రాలేదు. గిద్యోను కొన్నాళ్ళకు మళ్ళీ మందిరంలో కూర్చున్నాడని కొందరు, తిప్ప మీదనే ప్రార్థించుకునేవాడనీ ఉపదేశిగారే దోనె వేసుకొని అతని దగ్గరికి వెళ్ళేవారనీ మరికొందరు చెబుతారు. ఊటను చూడవచ్చినవారు అది నతానియేలు గారి మహిమ అని కొనియాడితే ఆయన తల దించుకొని, చేతులు అడ్డంగా ఊపి, అక్కడినుంచి లేచి వెళ్ళిపోయేవారట. అందుచేతనే ఊట చుట్టూ కట్టిన రాతిగట్టు మీద ఆయన పేరు ఎక్కడా కనిపించదు.

అంతమంది కలిసి ఒక మనిషిని పిలిచిన చోటు గనుక ఆ ఇసుకమేటకు పిలుపుతిప్ప అని పేరు వచ్చింది. ఉప్పెనలు ముంచెత్తి పోయినా ఆ ఊట నేటికీ ఉప్పగా మారలేదని ఆ తీరవాసులు చెబుతారు. పునరుత్థాన పండుగ వెళ్ళిన మరుసటి ఆదివారం రేవులపాలెం సంఘమంతా పడవల మీద అక్కడికి చేరుతుంది. పాస్టరు గారు ఊట పక్కన నిలబడి, మందిరానికి రావడం మానుకున్నవారి పేర్లు ఒక్కొక్కటిగా పిలుస్తారు. పేరు పిలిచిన ప్రతిసారీ, ఆ ఇంటికి వెళ్ళగలిగి ఉండి కూడా వెళ్ళనివారు ఎవరో ఒకరు లేచి నిలబడి, "నేను వెళ్ళలేదు" అని అందరి ఎదుటా చెప్పాలి. అలా చెప్పినవారు ఆ నాటి విందులో కూర్చోరు. ఊటనీళ్ళు ఒక చెంబుతో ముంచుకొని, ఎవరి ముఖమూ చూడకుండా, ఆ ఇంటి దారి పట్టి బయలుదేరుతారు.