సింధూరం తగలని తాబేలు

సింహాద్రికి ఆ పొద్దున్న కాళ్ళు నేల మీద ఆనలేదు.

ఫోనులో వచ్చిన కాగితాన్ని నాలుగుసార్లు చదివాడు. చదివిన ప్రతిసారీ ఇసకలో ఎగిరి గంతేశాడు. చదివిన వెంటనే ఊళ్ళో పదిమందికి పంపేశాడు. ఆ తర్వాతగానీ గురువు గుర్తు రాలేదు. పంచె పైకి దోపుకుని దండాసి స్వామి పాక వైపు ఒకటే పరుగు.

దండాసి స్వామి ఒకప్పుడు పడవ నడిపిన మనిషి. ముప్ఫై ఏళ్ళ కిందట వల వదిలేసి, నడిగెడ్డపాలెం ఒడ్డున పాక వేసుకుని ధ్యానానికి కూర్చున్నాడు. ఆ ధ్యానం సంగతి దేవుడెరుగు. ఊళ్ళోవాళ్ళు దెబ్బతిన్న సముద్రపు తాబేళ్ళను తెచ్చి ఆయన ముందు దించడం మొదలెట్టారు. ట్రాలర్ పంకా తగిలి పెంకు పగిలినవి, వలతాడు బిగుసుకుని రెక్క పుండు పడినవి. ఆయన వాటికి పసుపు అద్దుతూ, చేపలు తినిపిస్తూ కూర్చున్నాడు. చూసి చూసి అటవీశాఖవాళ్ళు అనుమతి కాగితం ఇచ్చి, ఒక సిమెంటు తొట్టి కూడా కట్టించారు. ఇప్పుడు అందులో మూడు తాబేళ్ళు ఉన్నాయి. శిష్యుడు మాత్రం ఒక్కడే.

ఆ ఒక్కడూ సింహాద్రే, కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ. రెండేళ్ళు మందుల కంపెనీలో పనిచేసి, విసుగెత్తి, మనశ్శాంతి కోసం స్వామి దగ్గర చేరాడు. మనశ్శాంతి ఎంత దొరికిందో గానీ చెయ్యి మాత్రం ఊరుకోలేదు.

ఊరి పక్కన పారే గెడ్డకు ఎగువన పాత బ్యాటరీలు కరిగించే ఫ్యాక్టరీ ఒకటుంది. దాని నీళ్ళు గెడ్డలోకి, గెడ్డ నీళ్ళు సముద్రంలోకి. ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు రెండింతలు పెరగాలనుకుంటోంది. అందుకు ఊరి అభిప్రాయం వినడానికి పెద్ద ఆఫీసరు ఆ రోజే పది గంటలకు స్కూలు ఆవరణకు వస్తున్నాడు. నీళ్ళలో విషం ఉందని ఊరంతా అనే మాటే, రుజువు ఒక్కటీ లేదు. సింహాద్రి తొట్టిలోని తాబేళ్ళ పెంకులను బ్లేడుతో కొంచెం గీకి, ఆ పొడి పొట్లాలు కట్టి, విశాఖలో ల్యాబులో పనిచేసే స్నేహితుడికి పంపాడు. ఇప్పుడొచ్చింది ఆ ఫలితమే.

"స్వామీ! సీసం! నలభై రెట్లు!"

స్వామి తొట్టి గట్టు మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చిన్న ఇత్తడి భరిణె. నూనెలో తడిపిన ఉంగరపు వేలిని సింధూరంలో అద్ది, పైకి తేలిన తాబేలు నడివీపున బొట్టు పెడుతున్నాడు. ఆ తీరాన తాబేలంటే దేవుడు. వలలో పడితే బొట్టు పెట్టి, దండం పెట్టి, మళ్ళీ నీళ్ళలోకి వదిలేస్తారు. తొట్టిలో ఉన్నవాటికి స్వామి ఆ మర్యాద రోజూ చేస్తాడు.

"దేనికిరా నలభై రెట్లు?"

"మామూలుగా ఉండాల్సినదానికి స్వామీ! మూడింటిలోనూ ఉంది! ఆ పెద్దదానిలో అయితే ఇంకా ఎక్కువ! ఇంక ఆ ఫ్యాక్టరీ పని అయిపోయినట్టే. ఈ కాగితం చూపిస్తే ఆఫీసరుకి నోట మాట రాదు!"

సింహాద్రి ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోతోంది. ఇంతలో పోలమ్మ రొప్పుతూ వచ్చింది. చేపల గంప మోసి నలుగురు పిల్లల్ని పెంచిన మనిషి, పాలెంలో ఆడవాళ్ళందరికీ పెద్ద దిక్కు.

"డప్పులోళ్ళని పిలిపించీసినాను సామీ! మూడు ట్రాక్టర్లు కట్టినాం. ఈ దెబ్బకి ఆళ్ళ గేటుకి తాళం పడిపోవాల!"

స్వామి భరిణె మూత పెట్టాడు.

"ఆ పొడి ఎక్కడ గీకినావురా?"

"నడివీపు మీద స్వామీ. పెంకు అక్కడ మందంగా ఉంటుంది కదా, పాపం నొప్పి తెలీదని."

స్వామి కాసేపు తన వేలి వంక చూసుకున్నాడు.

"బ్లేడు ఉన్నదేటి?"

ఉంది. సింహాద్రి జేబులోంచి తీసి ఇచ్చాడు. స్వామి ఒక కాగితం ముక్క గడ్డం కింద పట్టుకుని, తన నుదుటి మీది బొట్టును ఆ బ్లేడుతో మెల్లగా గీకడం మొదలుపెట్టాడు. ఎర్రటి పొడి కాగితంలో రాలింది. దాన్ని జాగ్రత్తగా పొట్లం కట్టి శిష్యుడి చేతిలో పెట్టాడు.

"ఇది కూడా పంపు. నాలో ఎంత ఉన్నదో సూద్దాం."

సింహాద్రికి నవ్వాగలేదు. "మీలో ఉన్నది దీంట్లో ఎలా తెలుస్తుంది స్వామీ? మనం వాడే సింధూరమే సీసంతో చేసింది. దీన్ని పరీక్షిస్తే..."

మాట అక్కడే ఆగిపోయింది.

తొట్టిలో పెద్ద తాబేలు ఊపిరి కోసం పైకి వచ్చింది. వీపు మీద ఇప్పుడే పెట్టిన బొట్టు తడిగా మెరుస్తోంది. దాని కింద నిన్నటిది, మొన్నటిది, నెలల తరబడి పెట్టినవి ఒకదాని మీద ఒకటి పేరుకుని ఉన్నాయి.

ఎమ్మెస్సీ చదివినవాడికి తెలియని సంగతి కాదు. సింధూరం అన్న మాట పుస్తకంలో చూస్తే సీసం అనేవాడే. కానీ రోజూ పొద్దున్నే తనే నూనె సిద్ధం చేసి, తనే భరిణె నింపి స్వామికి అందించాడు. కళ్ళ ముందు ఉన్నదాన్ని ఇక అతను చూడటం మానేశాడు.

గట్టు మీద చతికిలపడ్డాడు. ఇంత సంతోషం ఇంత తొందరగా ఎలా పోయిందో అతనికే అర్థం కాలేదు.

పోలమ్మకు అర్థమయ్యేలా చెప్పడానికి ఇంకాస్త సేపు పట్టింది. విని, ఆవిడ ముక్కు మీద వేలేసుకుని, వెంటనే తీసేసింది.

"అయితే ఏటి? సీసం ఉన్నాదని కాయితం సెప్తంది. ఎవులు పెట్టినారో కాయితం సెప్పదు కదా!"

సింహాద్రి తలెత్తాడు. ఆ మాట అతని లోపల కూడా తిరుగుతూనే ఉంది.

"ఫ్యాక్టరీవాళ్ళకి ఈ సంగతి తెలీదు స్వామీ," అన్నాడు. "వాళ్ళు గెడ్డలోకి వదులుతున్న మాట అబద్ధం కాదు. మన పిల్లల కోసమే కదా ఇదంతా. ఈ ఒక్క పూటకి..."

ఇద్దరూ స్వామి ముఖం వంక చూశారు.

స్వామి పంచె ఎగ్గట్టి తొట్టిలోకి దిగాడు. భుజం మీది తుండు తడిపి, ముందు పెద్ద తాబేలు వీపు తుడవడం మొదలుపెట్టాడు. బొట్టు అంత తేలిగ్గా పోలేదు. నూనె పట్టి పెంకులోకి దిగింది. ముసలాయన వంగి, రుద్ది రుద్ది, ఒకదాని తర్వాత ఒకటి మూడింటినీ శుభ్రం చేశాడు. పైకొచ్చి బిందెలో మంచినీళ్ళతో తన నుదురు కడుక్కున్నాడు.

ముప్ఫై ఏళ్ళలో బొట్టు లేని స్వామి ముఖం పాలెంలో ఎవరూ చూడలేదు. బొట్టు ఉన్నంత మేరా చర్మం తెల్లగా ఉంది. పోలమ్మకు ఏడుపొచ్చి అటు తిరిగింది.

"తొట్టి నీళ్ళు మార్పించాల," అన్నాడు స్వామి. "పాత నీళ్ళు గెడ్డలోకి పోనియ్యకండి, డ్రమ్ముల్లో పట్టండి. ఒరే, పది అవుతాది. బేగి ఎల్లు."

"వెళ్ళి ఏం చెప్పను స్వామీ?"

"నాకేటి తెలుస్తాది? నాను సదువుకోలేదు కదరా."

*

స్కూలు ఆవరణ కిక్కిరిసిపోయింది. షామియానా కింద చోటు లేక కుర్రాళ్ళు గోడలెక్కారు. డప్పులు ఒకటే మోత. వేదిక మీద ఆఫీసరు, పక్కనే ఫ్యాక్టరీ తరఫున వచ్చిన నిపుణుడు. చల్లటి నీళ్ళ సీసా ముందు పెట్టుకుని తీరిగ్గా కూర్చున్నాడు.

సింహాద్రి మైకు పట్టుకున్నాడు. పోలమ్మ ముందు వరసలో కూర్చుని రెప్ప వెయ్యకుండా చూస్తోంది. వీడు ఏం చెప్పబోతున్నాడో ఆవిడకీ తెలీదు, నిజం చెప్పాలంటే వాడికీ తెలీదు.

"మా తాబేళ్ళ పెంకుల్లో నలభై రెట్లు సీసం ఉంది," అన్నాడు.

ఆవరణ దద్దరిల్లిపోయింది. ఈలలు, కేకలు, డప్పులు. అంత సంబరం తన జన్మలో ఎవరూ తనకు చెయ్యలేదు. అక్కడితో మైకు ఇచ్చేసి దిగిపోతే చాలు. ఒక్క క్షణం నిజంగానే దిగిపోదామనుకున్నాడు.

చెయ్యెత్తాడు. డప్పులు ఆగాయి.

"ఆ సీసం మేం పెట్టింది."

సింహాద్రి దాచకుండా అంతా చెప్పాడు. భరిణె, సింధూరం, నూనె కలిపి ఇచ్చిన తన చెయ్యి. ఈ కాగితం చెల్లదు అన్నాడు. వెనక నించి ఎవరో "దిగరా ఎదవా!" అని అరిచారు. నిపుణుడు చిరునవ్వు నవ్వుతూ మైకు కోసం చెయ్యి చాచాడు.

సింహాద్రి మైకు వదల్లేదు.

"మా చెయ్యి మేం తీసేశాం సార్. రేపో ఎల్లుండో వలలో ఒక తాబేలు పడుతుంది. దానికి బొట్టు పెట్టం. మీరు రండి, ఫ్యాక్టరీ వాళ్ళని తీసుకురండి. మా అందరి ఎదుటా దాని రక్తం తీయించండి. పరీక్ష మీ ల్యాబులోనే చేయించండి. ఏం వచ్చినా ఊరు ఒప్పుకుంటుంది. వాళ్ళు ఒప్పుకుంటారా, అడగండి!"

జనం ముందు ఆ మాట కాదంటే ఏమవుతుందో నిపుణుడికి తెలుసు. చాచిన చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకుని, నీళ్ళ సీసా మూత తిప్పుతూ కూర్చున్నాడు.

ఆఫీసరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్ళలో ఎన్నో సభలు చూశాను. తన రుజువు తనే కొట్టేసుకున్నవాణ్ణి ఇవాళే చూస్తున్నాను," అన్నాడు. పక్కనున్న గుమాస్తా చేత అక్కడికక్కడే రాయించాడు. రక్తపరీక్ష ఫలితం వచ్చేదాకా అనుమతి లేదు. సీసం ఉంటే ఫ్యాక్టరీ పెంచడం రద్దు. లేకపోతే అనుమతి ఇస్తారు.

జనం గెలిచామా ఓడామా అని ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పోలమ్మ లేచి నిలబడింది.

"సూస్తారేటర్రా! కొట్టండి డప్పు!"

ఆ తర్వాత సింహాద్రి కాళ్ళు మళ్ళీ నేల మీద ఆనలేదు. ఇందాక దిగరా అన్నవాడే అతన్ని భుజాల మీద ఎక్కించుకున్నాడు.

*

మూడో రోజు పొద్దున్నే పోలమ్మ పెద్దకొడుకు పడవలో తాబేలు వచ్చింది. వలలో పడ్డది. ఒళ్ళంతా నాచు. సింధూరం జాడ ఎక్కడా లేని పెంకు. కబురు అందగానే ఆఫీసరు జీపు, పశువుల డాక్టరు స్కూటరు, ఫ్యాక్టరీ కారు వరసగా వచ్చి ఆగాయి. పాలెమంతా ఒడ్డునే ఉంది. పిల్లల్ని వెనక్కి లాగడానికే నలుగురు కావలసి వచ్చారు.

తన బొట్టు తీసి తాబేలుకు పెట్టబోయి, అలవాటు చొప్పున పోలమ్మ వేలు తన నుదుటి దాకా వెళ్ళింది. గుర్తొచ్చి రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుంది. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు కూడా అలాగే కట్టుకున్నారు.

తడిగుడ్డ మీద తాబేలును నిలిపారు. డాక్టరు మెడ వెనక స్పిరిటు రాసి, నరం కోసం వేలితో వెతుకుతున్నాడు.

సింహాద్రికి మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు. ఈసారి సీసం వస్తే నిజమైన సీసమే. ఎవరూ వంక పెట్టలేనిది. వచ్చిందా, పాలెం గెలిచినట్టే, సభలో తను అన్న మాట నిలబడినట్టే. రాకపోతే ఈ ఊరికి ముఖం ఎలా చూపించాలి? రెండు చేతులూ జోడించి కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. సీసం రావాలి, సీసం రావాలి అని పెదవులు గబగబా కదులుతున్నాయి.

సూది దిగింది.

స్వామి ఎప్పుడు వచ్చాడో, పక్కనే నిలబడి ఉన్నాడు. శిష్యుడి చెవి దగ్గరకు వంగి మెల్లగా అడిగాడు.

"ఏటి మొక్కుకుంటన్నావురా?"

సింహాద్రి కళ్ళు తెరిచాడు. సిరంజిలోకి రక్తం ఎక్కుతోంది. తాబేలు మెడ చాచి, నోరు తెరిచి, పెద్ద శబ్దంతో ఒక ఊపిరి పీల్చింది.

జోడించిన చేతులు విడిపోయాయి. ఇసకలో మోకాళ్ళ మీద కూలబడి, దాని తల కింద అరచెయ్యి పెట్టి పట్టుకున్నాడు.