కండువా మీద పేరు

స్వామిని ఒక్కసారి తలుచుకుని వినండి తల్లులారా, అయ్యలారా!

వెనకటికి ఓ కొండ తీర్థంలో నలభై మంది ఊరివాళ్లు కూలి అడక్కుండా యాత్రికులకు నీళ్లు పోసేవారు. ఎవరి కండువా మీద వాళ్ల పేరు నేసి ఉండేది. దాహమేసినవాళ్లు ఆ పేరు చూసి పిలిచేవారు.

ఆ ఏడు పంట పోయింది. కండువాలకు నూలు లేదు, భజన పోటీలో ఇచ్చే ఇత్తడి బిందెకూ దారి లేదు. అప్పుడు జమీందారు సూరపరాజు, "అన్నీ నేనిస్తాను. కండువాలన్నిటి మీదా నా పేరే ఉండాలి" అన్నాడు.

అందరూ ముఖాలు వేలాడేశారు. నేత నేసే పైడమ్మ మాత్రం, "అలాగే దొరగారూ! బిందె మీ చేత్తోనే ఇవ్వాలి. పొద్దుటే వచ్చేయండి" అంది.

తీర్థం నాడు దొర తన పేరున్న కండువా వేసుకుని పల్లకి దిగాడో లేదో, నాలుగు వైపుల నుంచీ యాత్రికుల కేకలు!

"ఒరేయ్ సూరపరాజూ, ఇటు నీళ్లు!"

"ఎంతసేపురా సూరపరాజూ!"

"ఏమిటే ఈ అవమానం?" అని మండిపడ్డాడు దొర.

"మీకేం కష్టం బాబూ? పిలుపు మీకు, పరుగు మాకు!" అంది పైడమ్మ.

అంతలో ఓ ముసలమ్మ దొర కండువా చూసి, "నాయనా సూరపరాజూ, గొంతెండిపోతోందిరా" అంది. ఏమనుకున్నాడో, చెంబు ముంచి తనే పోశాడు. ఆవిడ తాగి, ఆయన బుగ్గ నిమిరి, "చల్లగా ఉండు" అంది.

సాయంత్రం బిందె ఇచ్చాక దొర మెల్లగా అన్నాడు: "పైడమ్మా, వచ్చే ఏడూ నూలు నాదే. ఎవరి పేరు వాళ్లకే నేసిపెట్టు. నాకొక్కటి చాలు."

అలా స్వామి సేవకు నలభై ఒకటో మనిషి దొరికాడండీ!