ఉప్పుగట్టు విడిచిన దుప్పి

పాలకోన అడవిలో దుప్పులు, కుందేళ్ళు, నెమళ్ళు, అడవిపందులు ఉండేవి. అన్నిటిలోకీ దుప్పులదే పెద్ద మంద. వారానికోసారి మందంతా ఉప్పుగట్టుకు వెళ్ళి, మూతికి మూతి ఆనించి అక్కడి ఉప్పుమట్టి నాకేది. "కలిసి నాకిన మంద విడిపోదు" అని పెద్దలు చెప్పేవి.

ఆ మందలో రాగి అనే దుప్పి ఉంది. ఒక ఏడు దాని అక్క చిక్కిపోసాగింది. మోకాలెత్తు పచ్చిక మేసినా ఒంటికి పట్టలేదు. నోటి వెంట చొంగ కారేది. పులి వాసన వచ్చినా బెదిరేది కాదు. చివరికి ఉప్పుగట్టు మీదే పడి చనిపోయింది. రాగి గుండె పగిలేలా ఏడ్చింది.

రెండేళ్ళు గడిచాయి. రాగికి గోగు అనే పిల్ల పుట్టింది. అప్పుడే మరో రెండు దుప్పులు అచ్చం అక్కలాగే చిక్కి చనిపోయాయి. రెండూ అక్క పడిపోయిన చోటే మట్టి నాకేవి. గోగు ఇంకా ఆ మట్టి రుచి ఎరగదు. వచ్చే వారం దానికి తొలి నాకుడు. రాగికి కంటి మీద కునుకు లేదు.

మందకు పెద్ద కొమ్ములరాయుడు. కొమ్ములు పెరిగినంతగా దాని బుర్ర పెరగలేదు.

"మామా, ఆ మట్టిలో రోగం ఉంది. గట్టు వదిలేద్దాం" అంది రాగి.

"పిచ్చిదానా! రెండు వానాకాలాలు ఆ గట్టును కడిగాయి. మొన్న కార్చిచ్చు కాల్చేసింది. నీటికీ నిప్పుకీ లొంగని రోగం ఉంటుందా?" అని నవ్వింది కొమ్ములరాయుడు.

"ఉంది కాబట్టే ఆ రెండూ పోయాయి మామా!"

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే అయింది. కానీ పిల్లతల్లులు ఆ మాట విన్నాయి. పిల్లల్ని తీసుకుని వాగు ఎగువన ఉన్న కొండవాలుకు వెళ్ళడానికి సిద్ధమయ్యాయి. గోగు సంతోషంగా ముందుకు గెంతింది. రాగి మాత్రం కదల్లేదు.

"అమ్మా, నువ్వు రావా?"

"మీ పిన్నులు గట్టు అవతలి కొసన నాకేవి, నేను మా అక్క పక్కనే నాకాను తల్లీ. రోగం నాలోనూ ఉందేమో. నా చొంగ పడిన గడ్డి నువ్వు మేయకూడదు."

"నువ్వు బాగానే ఉన్నావుగా!"

"అక్క కూడా చాలాకాలం బాగానే ఉంది."

పిన్నుల వెంట గోగు ఏడుస్తూ వెళ్ళింది. రాగి వాగు దాటి, దిగువనున్న వెదురుపొదల్లో ఒంటరిగా ఉండిపోయింది. పక్కన పడుకునే తోడు లేదు. మాట్లాడుదామంటే పలికే గొంతు లేదు. కొన్ని రోజులు తన పేరు తనే పలుక్కునేది.

కొమ్ములరాయుడు పంతం కొద్దీ ఆ మట్టినే నాకింది. మూడేళ్ళకు దాని నోటి వెంట చొంగ కారింది. దాంతోపాటు గట్టు దగ్గరే ఉండిపోయిన మగదుప్పులూ ఒక్కొక్కటే నేలకొరిగాయి. కొండవాలు మంద మాత్రం నిండుగా పెరిగింది.

ఒక ఉదయం గోగు తన పిల్లతో వాగు ఒడ్డుకు వచ్చింది. అవతలి ఒడ్డున నిలబడ్డ రాగిని చూపి, "అదిగో, మీ అమ్మమ్మ!" అంది. ఆ పిల్ల ఎగిరి నీళ్ళలోకి దూకింది.

దాని మూతి నాకాలని రాగి ప్రాణం కొట్టుకుపోయింది. అయినా కాలు నేలకేసి కొట్టి, "ఆగు! దగ్గరికి రాకు!" అని గట్టిగా కసిరింది. పిల్ల బెదిరి తల్లి దగ్గరికి పరిగెత్తింది. అది క్షేమంగా ఒడ్డెక్కేదాకా చూసి, రాగి వెదురుపొదల్లోకి వెళ్ళిపోయింది.

నీతి: కంటికి కనబడనంత మాత్రాన కీడు లేనట్టు కాదు, అయినవాళ్ళ మేలు కోరేవారు ఒక్కోసారి వాళ్ళకు దూరంగా ఉండాల్సి వస్తుంది.